క్లోమం తోక తీసేశాక షుగర్ ఇలా ఎందుకు ఎగిరిపడుతోంది?

ప్రశ్న: మా వారికి 46 ఏళ్లు. ఆరేళ్లుగా దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) ఉంది. ఎనిమిది నెలల కిందట ఆపరేషన్ చేసి క్లోమం తోక, నడుమ భాగం చాలావరకు తీసేశారు. అప్పట్నుంచీ షుగర్. పొద్దున గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. మాత్ర, రాత్రి గ్లార్జిన్ ఇన్సులిన్ 10 యూనిట్లు ఇచ్చారు. భోజనమయ్యాక 280, 320 కూడా ఉంటోంది. ఒకరోజు తెల్లవారుజామున 3 గంటలకు ఒళ్లంతా చెమటలతో లేచారు. చూస్తే 51. పెద్ద గ్లాసు నిండా పంచదార నీళ్లు, పైన మిఠాయిలు పెట్టాను. పొద్దునకు 230 అయింది. ఆ 230 చూసి రాత్రి డోసు 14 చేశాం. వారం తిరక్కుండా మళ్లీ అదే వేళకు 44. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ పరీక్ష) 7.6 కాబట్టి ఫరవాలేదంటున్నారు. రక్తంలో ఎమైలేజ్ (క్లోమం ఎంజైమ్) నార్మల్ వచ్చింది కనుక క్లోమం కోలుకున్నట్టేనని మా బావగారి మాట. 9 కిలోలు తగ్గారు. 10,000 యూనిట్ల ఎంజైమ్ క్యాప్సూల్ భోజనమయ్యాక ఒకటి వేసుకునేవారు, గుణం కనిపించక మానేశారు. షుగర్ అంటే ఇన్సులిన్ తగ్గడమే కదా, ఒకే మనిషికి ఇంత ఎక్కువ, ఇంత తక్కువ ఎలా?

సమాధానం: ముందు ఆ 14 యూనిట్ల సంగతి చూద్దాం. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఇవాళే మీ డాక్టరుకు ఫోన్ చేసి 51, 44 రెండూ చెప్పండి. 70 కంటే తగ్గితే లో షుగర్, 54 కంటే తగ్గితే ప్రమాదకరమైన లో షుగర్. మీ వారికి వారం రోజుల్లో రెండుసార్లు ఆ గీత దాటింది, అదీ నిద్రలో. 10 యూనిట్ల మీదే 51కి పడిపోయారు కాబట్టి డోసు మళ్లీ 10కి తెస్తే సరిపోదు. ఇలాంటప్పుడు రాత్రి డోసును ఇంకో 10 నుంచి 20 శాతం తగ్గించడం మామూలు పద్ధతి. అంటే 8 లేక 9 యూనిట్లు. గ్లిమెపిరైడ్ ఆపాలా అని కూడా అదే ఫోన్‌లో అడగండి. దాని ప్రభావం రోజంతా ఉంటుంది, పొద్దున వేసుకున్న మాత్ర తెల్లవారుజామున కూడా పనిచేస్తూనే ఉంటుంది. ఈ మార్పుల వల్ల కొన్నాళ్లు పొద్దుటి షుగర్ 180, 200 ఉన్నా కంగారు పడకండి. ఆ అంకె కంటే 3 గంటలకు వచ్చే 44 ఎన్నో రెట్లు చెడ్డది.

డోసు పెంచడానికి దారితీసిన ఆ 230 ఇన్సులిన్ చాలక వచ్చింది కాదు. గ్లాసు నిండా పంచదార నీళ్లు, మిఠాయిలు కలిపితే 60 గ్రాములకు మించిన చక్కెర లోపలికి పోయి ఉంటుంది. 51ని సరిచేయడానికి 15 గ్రాములు చాలు. పడిపోయిన షుగర్‌కు అతిగా తీపి పెట్టడం, పొద్దున పెరిగిన అంకె చూసి రాత్రి డోసు పెంచడం, దాంతో మరుసటి వారం ఇంకా కిందికి పడటం: ఈ వలయంలో చాలా ఇళ్లు చిక్కుకుంటాయి. పొద్దుటి అంకె ఒక్కటే చూసి రాత్రి ఇన్సులిన్ పెంచకూడదు. వరుసగా మూడు రాత్రులు 3 గంటలకు వేలు గుచ్చి చూడండి. వీలైతే రెండు వారాలు ఒంటికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ పెట్టించండి. ఇలాంటి కేసులో సెన్సర్ మీద పెట్టే ఖర్చు వృథా కాదు.

ఇక ‘షుగర్ అంటే ఇన్సులిన్ తగ్గడమే కదా’ అన్నారు. మామూలు షుగర్‌కు ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. మీ వారికి సరిపోదు. ఆపరేషన్‌లో ఇన్సులిన్‌తో పాటు దానికి ఎదురు పనిచేసే గ్లూకగాన్ కూడా చాలావరకు పోయింది. మీరడిగిన ‘ఇంత ఎక్కువ, ఇంత తక్కువ’కు మొదటి కారణం ఇదే.

క్లోమం సుమారు 15 సెంటీమీటర్ల పొడవుతో జీర్ణాశయం వెనక అడ్డంగా ఉంటుంది. తల చిన్నపేగు మొదటి వంపులో ఒదిగి ఉంటే, తోక ప్లీహం దాకా పోతుంది. గ్రంథిలో దాదాపు అంతా జీర్ణరసం తయారుచేసే కణజాలమే. ఆ రసం నాళం గుండా పేగులో పడుతుంది. బరువులో ఒకటి రెండు శాతానికి మించని మిగతా భాగమే వినాళ గ్రంథి. అక్కడక్కడా చెదిరి ఉన్న దాదాపు పది లక్షల కణాల గుంపులు అవి. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ వర్ణించాడు కాబట్టి లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. వీటి హార్మోన్లకు నాళం ఉండదు, నేరుగా రక్తంలో కలుస్తాయి. ఆ రక్తం ముందు కాలేయానికే పోతుంది. క్లోమం వదిలిన ఇన్సులిన్‌లో సుమారు సగం కాలేయం దగ్గరే ఖర్చయిపోతుంది. చర్మం కింద పొడిచిన ఇన్సులిన్‌కు ఆ దారి లేదు. అది ఒళ్లంతా తిరిగాకే కాలేయానికి చేరుతుంది. ఇంజెక్షన్ ఎంత జాగ్రత్తగా తీసుకున్నా సొంత ఇన్సులిన్ అంత సాఫీగా నడవకపోవడానికి ఇదీ ఒక కారణం.

పుటికల్లో సగానికి పైగా బీటా కణాలు. ఇవి ఇన్సులిన్‌ను, దానితో పాటే ఎమైలిన్‌ను వదులుతాయి. ఎమైలిన్ జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది, భోజనం వేళ గ్లూకగాన్‌ను అణచి ఉంచుతుంది. ఆల్ఫా కణాలది గ్లూకగాన్. డెల్టా కణాల సొమాటోస్టాటిన్ పక్కనున్న ఆల్ఫా, బీటా కణాలు రెండింటినీ నెమ్మదింపజేస్తుంది. పీపీ కణాలది పాంక్రియాటిక్ పాలీపెప్టైడ్. ఇది తగ్గితే కాలేయం ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. ఎప్సిలాన్ కణాలు గ్రెలిన్ వదులుతాయి, కానీ అవి చాలా తక్కువ. పుటికలు క్లోమమంతటా సమానంగా ఉండవు. తల కంటే తోకలో దట్టంగా ఉంటాయి, ఆల్ఫా కణాలు కూడా అటువైపే ఎక్కువ. పీపీ కణాలు మాత్రం ప్రధానంగా తలలో ఉంటాయి. ఒక్క తోక తీసేసినా షుగర్ మీద దెబ్బ ఎక్కువగా పడేది అందుకే. మిగిలిన తలలోనూ ఆరేళ్ల వాపు వల్ల కొంత మచ్చకట్టి ఉంటుంది, అక్కడి పుటికలూ నలిగి ఉంటాయి. ఇలా క్లోమం దెబ్బతిని వచ్చే షుగర్‌ను వైద్యులు టైప్ 3సీ అంటారు. ఆయన ఫైలు మీద ‘టైప్ 2’ అని రాసి ఉంటే దిద్దించండి. మందుల ఎంపికంతా ఆ మాట మీదే ఆధారపడుతుంది.

ఆరోగ్యవంతుడికి నిద్రలో షుగర్ జారుతుంటే ఏమవుతుంది? 80-85 దగ్గరే క్లోమం ఇన్సులిన్ తగ్గించేస్తుంది. ఇంకా జారి 65-70కి వస్తే గ్లూకగాన్ పెరుగుతుంది, కాలేయంలో దాచిన గ్లైకోజెన్‌ను గ్లూకోజ్‌గా విడగొట్టిస్తుంది, కొత్త గ్లూకోజ్ కూడా తయారు చేయిస్తుంది. సుమారు అదే స్థాయిలో అడ్రినలిన్ కూడా లేస్తుంది. 55 దగ్గరకు వచ్చేసరికి చెమట, వణుకు, గుండెదడ, ఆకలి. ఇప్పుడు మీ వారి సంగతి చూడండి. మొదటి రక్షణ లేదు, ఎందుకంటే రాత్రి పొడిచిన గ్లార్జిన్‌ను ఎవరూ వెనక్కి తీయలేరు. గ్లిమెపిరైడ్ కూడా, షుగర్ ఎంతున్నా పట్టించుకోకుండా, మిగిలిన బీటా కణాల పొటాషియం చానళ్లను మూసి ఇన్సులిన్ బయటికి నెడుతూనే ఉంటుంది. రెండో రక్షణ గ్లూకగాన్, అది తోకతో పాటు పోయింది. మిగిలింది అడ్రినలిన్ ఒక్కటే. ఆ చెమటలు దానివే. పదే పదే షుగర్ పడిపోతే అడ్రినలిన్ స్పందన కూడా మొద్దుబారి, ఏ సూచనా లేకుండా స్పృహ తప్పే స్థితి వస్తుంది. రెండు మూడు వారాలు ఒక్కసారి కూడా 70 కిందికి పోకుండా చూసుకుంటే ఆ హెచ్చరిక కొంతవరకు తిరిగొస్తుంది. ముందుగా తెల్లవారుజాము లో షుగర్‌ను ఆపి, పొద్దుటి అంకెను తర్వాత చూసుకుందాం అనడం ఇందుకే.

ఇంట్లో ఏం చేయాలంటే, 70 కిందికి వస్తే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి తాగించండి. గ్లూకోజ్ దొరక్కపోతే 4 చెంచాల పంచదార, పొంగు లేకుండా కొలిచి. 15 నిమిషాలు ఆగి మళ్లీ గుచ్చి చూడండి. ఇంకా 70 రాకపోతే మరో 15 గ్రాములు. చాక్లెట్, మిఠాయి వద్దు. కొవ్వు ఉన్న తీపి నెమ్మదిగా రక్తంలోకి చేరుతుంది, మీ వారికి కొవ్వు అసలే అరగదు. 70 దాటాక తర్వాతి భోజనానికి గంటకు మించి వ్యవధి ఉంటే పిండిపదార్థం, కొంచెం ప్రోటీన్ ఉన్న చిన్న తిండి పెట్టండి. మింగలేని స్థితిలో ఉంటే, స్పృహ లేకపోతే, నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్సుకు ఫోన్ చేయండి. గ్లూకగాన్ కిట్ రాయించుకుని ఇంట్లో ఉంచుకోమని గట్టిగా చెబుతాను. పెద్దవాళ్లకు 1 మి.గ్రా. తొడ కండరంలో ఇస్తారు. పది, పదిహేను నిమిషాల్లో లేస్తారు, వాంతి కావచ్చు. ఆయన కాలేయం బాగానే ఉంటే బయటి నుంచి ఇచ్చిన గ్లూకగాన్‌కు స్పందిస్తుంది, అది లోపలి నుంచి రాకపోవడమే సమస్య. అయితే కాలేయంలో గ్లైకోజెన్ ఉంటేనే ఈ ఇంజెక్షన్ పనిచేస్తుంది. ఉపవాసం ఉన్నా, మద్యం తాగి ఉన్నా దాని మీద నమ్మకం పెట్టుకోలేం.

భోజనం తర్వాతి 280, 320 ఇంకో లెక్క. గ్లార్జిన్ పగలూ రాత్రీ ఒకే స్థాయిలో పనిచేసే ఇన్సులిన్, భోజనం వేళ పెరిగే షుగర్‌ను ఆపడం దాని పని కాదు. భోజనాలప్పుడు వేసే త్వరిత ఇన్సులిన్ ఆయనకు లేదు. ఆ లోటును రాత్రి డోసుతో పూడ్చబోవడం వల్లే రాత్రి పడిపోతున్నారు. త్వరిత ఇన్సులిన్ మొదలుపెట్టమని డాక్టరును అడగండి, డోసు చిన్నదిగా, ఎన్ని పిండిపదార్థాలు తింటున్నారో దాన్నిబట్టి. ఇది పది, పదిహేను నిమిషాల్లో పని మొదలుపెట్టి గంట, గంటన్నరకు ఉచ్చస్థాయికి చేరి మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. కాబట్టి ఒక డోసు మిగిలి ఉండగానే షుగర్ ఎక్కువుందని మరో డోసు వేయకూడదు. కడుపునొప్పి వచ్చి ఎంత తింటారో తెలియని రోజుల్లో, తిన్న వెంటనే, తిన్నంతకే వేసుకోవడం మేలు. ఒకేచోట పొడిస్తే చర్మం కింద గట్టి ముద్దలు కడతాయి, అక్కడి నుంచి ఇన్సులిన్ ఒకరోజు తక్కువ, ఒకరోజు ఎక్కువ పీల్చుకుంటుంది. పొడిచే చోటు మారుస్తుండాలి.

మాత్రల విషయంలో మెట్‌ఫార్మిన్ కొందరికి పనికొస్తుంది, కానీ బరువు తగ్గిపోతున్నవారికి, పొట్ట తరచూ చెడేవారికి కష్టం. జీఎల్‌పీ-1 ఇంజెక్షన్లు (సెమాగ్లుటైడ్ లాంటివి), గ్లిప్టిన్లు (సిటాగ్లిప్టిన్ లాంటి మాత్రలు) పాంక్రియాటైటిస్ ఉన్నవారికి ఇవ్వకపోవడం మంచిది. గ్లిఫ్లోజిన్లతో (షుగర్‌ను మూత్రంలోకి పంపే మాత్రలు) ఇంకో ప్రమాదం, ఇన్సులిన్ తక్కువగా ఉన్న శరీరంలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకోవచ్చు. ఆయనకు ఎవరైనా కొత్తగా ఇవి రాస్తే క్లోమం ఆపరేషన్ సంగతి ముందు చెప్పండి.

అంకెలు ఎగిరిపడటానికి రెండో కారణం పేగులో ఉంది. జీర్ణ ఎంజైములు లేకపోతే తిన్నది ఒక రోజు బాగా అరుగుతుంది, ఒక రోజు అరగకుండా బయటికి పోతుంది. ఇన్సులిన్ డోసు మాత్రం రోజూ అదే. పోసిన కొలత ఒకటే అయినా, లోపలికి చేరిన గ్లూకోజ్ వేరు. 9 కిలోలు తగ్గడానికి కూడా అరగకపోవడమే మొదటి అనుమానం. మలం జిడ్డుగా, నీళ్లలో తేలుతూ, కడిగినా పోకుండా, దుర్వాసనతో ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. అయితే ఎంజైములు పనిచేయలేదనడం తొందరపాటు. వాడిన తీరే సరికాదు. ప్రధాన భోజనానికి 40,000 నుంచి 50,000 యూనిట్ల లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్), చిరుతిండికి 20,000 నుంచి 25,000తో మొదలుపెడతారు. ఆయన వేసుకున్నది అందులో నాలుగో వంతు, ఐదో వంతు. అదీ భోజనం అయిపోయాక. 25,000 క్యాప్సూళ్లు రెండు తీసుకుని మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి మింగాలి. నమలకూడదు, వేడివేడి పానీయాలతో వద్దు. మింగలేకపోతే క్యాప్సూల్ తెరిచి లోపలి గింజలను పులుపున్న మెత్తటి పదార్థంలో కలిపి వెంటనే మింగవచ్చు. అప్పటికీ గుణం లేకపోతే డోసు పెంచుతారు, లేదా జీర్ణాశయ ఆమ్లాన్ని తగ్గించే మాత్ర కలుపుతారు, ఎందుకంటే ఆమ్లం లైపేజ్‌ను పాడుచేస్తుంది. ఇవి పందుల క్లోమం నుంచి తీసినవి కాబట్టి ఆహార నియమాలుంటే ముందే మాట్లాడుకోండి. కొవ్వు పూర్తిగా మానేయమనే పాత సలహా పట్టుకోనక్కర్లేదు. తిన్నదానికి తగ్గ ఎంజైమ్ వేసుకోవడమే దారి, లేకుంటే బరువు ఇంకా తగ్గిపోతుంది.

ఎంజైములు సరైన డోసులో మొదలయ్యాక షుగర్ పెరగవచ్చు. భయపడి ఆపకండి. తిన్న పిండిపదార్థం ఇప్పుడు నిజంగా రక్తంలోకి చేరుతోంది కాబట్టే పెరుగుతుంది. మొదటి రెండు వారాలు భోజనానికి ముందు, తిన్న రెండు గంటలకు చూసి రాసుకుని, ఆ కాగితంతో డాక్టరు దగ్గరకు వెళ్లండి. భోజనం డోసు అప్పుడే కుదురుతుంది.

పరీక్షల సంగతి. ఎమైలేజ్ నార్మల్ అంటే వాపు లేదని మాత్రమే అర్థం, అది కూడా ఖచ్చితం కాదు. మచ్చకట్టి కణజాలం తగ్గిపోయిన క్లోమంలో వాపు వచ్చినా ఎమైలేజ్ పెరగకపోవచ్చు. హార్మోన్ల గురించి అది ఏమీ చెప్పదు. మీ బావగారు అనుకున్న విషయం తేల్చాలంటే రెండు పరీక్షలు కావాలి. మలంలో ఎలాస్టేజ్ (క్లోమం వదిలే ఒక జీర్ణ ఎంజైమ్): గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువుంటే ఎంజైముల లోటు, 100 కంటే తక్కువైతే తీవ్రమైన లోటు. విరేచనాలు నీళ్లలా ఉన్నరోజు చేయించకండి, పలుచబడి తప్పుగా తక్కువ చూపిస్తుంది. ఎంజైమ్ క్యాప్సూళ్లు వాడుతున్నా ఈ పరీక్ష చేయించుకోవచ్చు.

రెండోది సీ-పెప్టైడ్. బీటా కణం మొదట ప్రోఇన్సులిన్ తయారుచేసి, దాన్ని కోసి ఒక ఇన్సులిన్, ఒక సీ-పెప్టైడ్‌గా విడగొడుతుంది. ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో సీ-పెప్టైడ్ ఉండదు. అందువల్ల సొంత క్లోమం ఎంత పనిచేస్తోందో ఇన్సులిన్ వాడుతున్నవారిలో కూడా దీంతో తెలుస్తుంది. షరతు ఏమిటంటే అదే రక్తంలో గ్లూకోజ్ కూడా చూడాలి, అది 144కి పైన ఉంటే మేలు. షుగర్ తక్కువున్నప్పుడు సీ-పెప్టైడ్ తగ్గడం సహజం, దాన్ని లోటు అనుకోకూడదు. కిడ్నీ సరిగ్గా లేకపోతే ఎక్కువగా కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాములు కూడా లేకపోతే సొంత ఇన్సులిన్ దాదాపు లేనట్టే, అప్పుడు గ్లిమెపిరైడ్‌తో ప్రయోజనం ఉండదు. గ్లూకగాన్ పరీక్ష అవసరం లేదు, ఆపరేషన్ రిపోర్టు, ఈ లో షుగర్లు చాలు.

హెచ్‌బీఏ1సీ 7.6 అంటే సగటు షుగర్ సుమారు 171. 44 నుంచి 320 దాకా తిరిగినా సగటు అక్కడే వచ్చి కూర్చోవచ్చు. పోషకాలు సరిగ్గా అందక రక్తహీనత ఉంటే ఆ అంకె ఇంకా తప్పుదారి పట్టిస్తుంది. ఈ స్థితిలో నాకు హెచ్‌బీఏ1సీ మీద పెద్ద గౌరవం లేదు. 70 కింద ఎంతసేపు గడుపుతున్నారు అన్నది చూస్తాను. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతో పాటే అందాల్సినవి కనుక డి విటమిన్, ఎముక సాంద్రత కూడా చూపించుకోండి.

మద్యం, పొగ రెండూ పూర్తిగా మానాల్సిందే. మద్యం కాలేయం కొత్త గ్లూకోజ్ తయారుచేయకుండా అడ్డుకుంటుంది. గ్లూకగాన్ లేనివారికి తాగిన చాలా గంటల తర్వాత, నిద్రలో, షుగర్ పడిపోతుంది. పొగ పాంక్రియాటైటిస్‌ను వేగవంతం చేస్తుంది. గట్టిగా శ్రమపడిన రోజు రాత్రి షుగర్ చూడకుండా పడుకోకూడదు, ఆ ప్రభావం మరుసటి రోజు దాకా ఉండొచ్చు. బండి నడిపే ముందు ఒకసారి గుచ్చి చూడాలి.

జ్వరం, వాంతుల రోజున తినలేదని ఇన్సులిన్ పూర్తిగా ఆపేయకండి. రాత్రి ఇన్సులిన్ కొంతైనా కావాలి, ఎంత అన్నది డాక్టరును ముందే అడిగి రాయించి ఉంచుకోండి. షుగర్ 250 దాటి వాంతులు, ఆయాసం ఉంటే కీటోన్లు చూపించాలి, ఆస్పత్రికి వెళ్లాలి. గ్లూకగాన్ కూడా తగ్గినవారికి కీటోయాసిడోసిస్ (కీటోన్లు పేరుకుని రక్తంలో ఆమ్లం పెరగడం) తక్కువగానే వస్తుంది, అసలే రాదని కాదు. ఎంజైములు సరిగ్గా వాడుతున్నా బరువు ఇంకా తగ్గుతుంటే, కొత్తగా నడుము వెనక నొప్పి, కళ్లు పచ్చబడటం, ఉన్నట్టుండి షుగర్ అదుపు తప్పడం కనిపిస్తే స్కాన్ వాయిదా వేయకండి. దీర్ఘకాలిక పాంక్రియాటైటిస్ ఉన్నవారిలో క్లోమం క్యాన్సర్ ముప్పు మామూలు కంటే ఎక్కువ, అందుకే మిగిలిన క్లోమం తల మీద ఒక కన్నేసి ఉంచాలి.